సూచీ రాకముందే

పరీక్ష గ్రిసెల్దాది, వణుకు వాళ్ళక్క మిర్తాది. లానూస్‌లో రైలెక్కిన దగ్గర్నుంచి ఆవిడ నోరు విప్పలేదు. విప్పితే ఎక్కడ "నువ్వు పాసైపోతావులేవే" అనేస్తుందోనని ఆవిడకే భయం. ముందే అనేస్తే పని చెడుతుందని నమ్మకం. ఆవిడొక్కతే చాదస్తురాలు అనుకునేరు! బ్యూనస్ ఐరిస్‌లో ఎవర్ని కదిపినా ఇదే వరస. ఫుట్‌బాల్ మ్యాచ్ ముగియకుండా "గెలిచేశాం" అని నోరు జారినవాణ్ణి కన్నతల్లే టీవీ ముందు నుంచి లేపి గెంటేస్తుంది.

మిర్తా మొగుడు రూబెన్ సిటీ బస్సు డ్రైవరు. అతను దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఎదుటి సీట్లో కూర్చుని ఒక్క క్షణం నోరు ముయ్యలేదు.

"మరదలా, మీ అక్క ఇంతసేపు మాట్లాడకుండా ఉండటం పెళ్ళయ్యాక నేను ఇదే చూడటం. నువ్వింకో రెండు డిగ్రీలు చెయ్యకూడదూ, నీకు పుణ్యముంటుంది."

"మెల్లిగా బావా. రైలంతా వింటోంది."

"విననీ! ఇవాళ సాయంత్రానికల్లా మా మరదలు ఫైనాన్షియల్ మ్యాథమెటిక్సులో మాస్టర్..."

మిర్తా అతని తొడ మీద గట్టిగా గిల్లింది. రూబెన్ "చచ్చాను" అని ఎగిరిపడ్డాడు. పక్కనున్న ముసలాయన నవ్వి, "ఆవిడ చేసిందే రైటు బాబూ" అన్నాడు.

ఆ గిల్లుడుకో చరిత్ర ఉంది. గ్రిసెల్దా చదువులో చేరిన కొత్తలో సంభావ్యత పేపరుకి మౌఖిక పరీక్ష పెట్టారు. మిర్తా ముచ్చటపడి వెళ్ళి వెనక బెంచీలో కూర్చుంది. చెల్లెలు తప్పింది. మళ్ళీ పెట్టారు, మళ్ళీ వెళ్ళి కూర్చుంది, మళ్ళీ తప్పింది. మూడోసారి మిర్తాకి జ్వరమొచ్చి ఇంట్లో పడుకుంటే చెల్లెలు క్లాసులో అందరికన్నా ఎక్కువ మార్కులు తెచ్చుకుంది. అంతటితో మిర్తాకి విషయం బోధపడిపోయింది. చెల్లెలికి పట్టిన శని ఎవరో కాదు, తనే.

"మూడుసార్లు చూసి ఏమీ తేల్చకూడదక్కా" అని గ్రిసెల్దా నచ్చచెప్పబోయింది.

"నీకు తేలలేదేమో. నాకు తేలింది" అంది మిర్తా.

ఆ రోజు నుంచి ప్రతి పరీక్షకీ వస్తుంది కానీ గడప దాటదు. అదే గోధుమరంగు కోటు వేసుకుని, కాలేజీ వాకిలికి ఎదురుగా పేపర్ల కొట్టు పక్కన నిలబడుతుంది. ఎండ కానీ, వాన కానీ, చలి కానీ అక్కడే. తల్లి పోయాక చెల్లెల్ని పెంచింది ఆవిడే. కిరాణా కొట్టు నడుపుతూ, పిల్లలు వద్దనుకుని, ఉన్న ప్రేమంతా ఈ ఒక్కదాని మీదే కుమ్మరించింది. అలాంటి మనిషిని రాకు అనడానికి గ్రిసెల్దాకి నోరు రాలేదు.

ఇవాళ్టిది చివరి పరీక్ష, ముగ్గురు పరీక్షకుల ఎదుట థీసిస్ నిలబెట్టుకోవడం. గడువు ఇప్పటికే రెండుసార్లు పొడిగించారు, ఇక పొడిగించరు. ఈ నెలాఖరు దాటితే పాసైన పేపర్లు కూడా చెల్లవు, మొదటి నుంచి మొదలుపెట్టాలి. గ్రిసెల్దాకి ముప్పై ఆరేళ్ళు. పగలంతా ఇన్సూరెన్సు ఆఫీసు, సాయంత్రం క్లాసులు, ఆదివారాలు అక్క కొట్టు వెనక గదిలో ఉల్లిపాయల బస్తాల మధ్య కూర్చుని సమీకరణాలు. మళ్ళీ మొదటి నుంచి అంటే ఆ ఓపిక తనకి లేదని ఆమెకి బాగా తెలుసు. ఇవాళ దక్కితే దక్కినట్టు, లేకపోతే ఈ చదువు తనకిక లేనట్టే.

కాలేజీ ముందు మిర్తా తన చోటికి వెళ్ళి నిలబడింది. చెల్లెలి కాలరు సర్దింది, ఏదో అనబోయి పెదాలు బిగించుకుంది. గ్రిసెల్దా ఆమె చెంప మీద ముద్దు పెట్టి లోపలికి వెళ్ళింది.

మూడో అంతస్తు మెట్ల దగ్గర గైడు ఇతురాల్దే ఎదురొచ్చాడు. మనిషి మంచివాడే. ఆరుగురికి గైడుగా ఉంటూ ముగ్గురి థీసిస్సులు మాత్రమే పూర్తిగా చదివే రకం.

"ఏమ్మా, రంగు మారిపోయావేంటి? ఇదంతా లాంఛనం. పరీక్షకుల్లో జానెట్టీ మేడమ్ మన మనిషే. ఇంకొకాయన నిద్రపోతాడు. మూడో మనిషికి ఒంట్లో బాలేదని మొన్న మాంతెవిదేయో నుంచి ఒకాయన్ని పిలిపించారు, బెర్రుత్తి అని. ఉరుగ్వే వాళ్ళు నెమ్మదస్తులు. భయం లేదు."

"ఆయన చదివారంటారా సార్?"

"నాలుగు రోజుల్లో ఏం చదువుతాడూ!"

చదివాడు. అదే వచ్చింది చిక్కు.

గ్రిసెల్దా థీసిస్ మామూలు మాటల్లో చెప్పాలంటే ఇది. ఆ దేశంలో ధరలు పెరిగితే వాటితో పాటు విలువ పెరిగే బాండ్లు ఉన్నాయి. నెల నెలా ప్రభుత్వం ధరల సూచీ ప్రకటిస్తుంది, బాండు దానికి కట్టుబడి కదులుతుంది. ఆ బాండు కొన్నవాడు నష్టపోకుండా ఏ రోజుకి ఆ రోజు ఏం కొనాలి, ఏం అమ్మాలి అన్నదానికి ఆమె ఒక సూత్రం కట్టింది. అందరి సూత్రాల్లోనూ చివర కొంత తేడా మిగిలిపోతుంది, ఆమెదానిలో మిగలదు. సున్నా. ఆ సున్నా చూసుకుని ఇతురాల్దే కుర్చీలోంచి లేచి ఆమె భుజం తట్టాడు.

గంటసేపు చక్కగా చెప్పింది. బొమ్మలు చూపించింది. జానెట్టీ మేడమ్ తలూపింది. నిద్రపోయే ఆయన కూడా రెండుసార్లు కళ్ళు తెరిచాడు. బెర్రుత్తి పొడుగ్గా, సన్నగా, థర్మస్ ఫ్లాస్కు చంకలో ఇరికించుకుని మాతే అనే ఆకు టీ గొట్టంతో చప్పరిస్తూ కూర్చున్నాడు. ప్రశ్నల వేళ వచ్చేసరికి ఆ ఫ్లాస్కు పక్కన పెట్టాడు. పెట్టిన తీరు చూసే గ్రిసెల్దాకి ఈయన చదివాడని తెలిసిపోయింది.

"చాలా బాగుందండీ, నాకు నచ్చింది. ఒక్క చిన్న సందేహం. మార్చి ఇరవయ్యో తారీఖు లెక్కలో మీరు మార్చి నెల సూచీ వాడారు. అవునాండీ?"

"అవును సార్."

"మార్చి సూచీ ప్రకటించేది ఏప్రిల్ మధ్యలో కదా. మార్చి ఇరవయ్యిన మీ మనిషికి అదెలా తెలిసింది?"

గ్రిసెల్దా అతని వంక చూసింది. నిజంగా ఆమెకి ప్రశ్న అర్థం కాలేదు. చిన్నప్పటి నుంచి కొట్లో పెరిగిన పిల్ల. నూనె డబ్బా తెచ్చే వ్యాను డ్రైవరు మొహం చూస్తే ఆ నెల ధరలెంత పెరగబోతున్నాయో చెప్పేస్తారు అక్కడ. సూచీ వచ్చేసరికి అది పాత కబురు. పేపర్లో వేస్తారు, ఎవరూ చదవరు.

"అందరికీ తెలుసు కదా సార్" అంది.

గదిలో గొల్లున నవ్వారు. జానెట్టీ మేడమ్ నవ్వింది, ఇతురాల్దే అందరికన్నా గట్టిగా నవ్వాడు. బెర్రుత్తి కూడా చిన్నగా నవ్వి, అందరూ ఆగేదాకా ఆగాడు.

"మీ ఊళ్ళో తెలుసేమో. మీ సమీకరణానికి తెలీదు కదండీ" అన్నాడు.

అప్పుడు అర్థమైంది. ఈ చదువులో మొదటి రోజు మొదటి గంటలో చెప్పే పాఠం అది. ఏ రోజు లెక్కకి ఆ రోజుకి తెలిసింది మాత్రమే వాడాలి, రేపటి సంగతి ఇవాళ్టి లెక్కలోకి రాకూడదు. తనే ఎంతమంది కొత్త పిల్లలకి చెప్పింది ఆ ముక్క! ఇదే ఊళ్ళో పుట్టి పెరిగిన ముగ్గురు ఆ పేజీ చదివారు. ఒక్కరికీ కంటికి ఆనలేదు. ఆ నీళ్ళే తాగుతూ బతికేవాళ్ళకి ఎలా ఆనుతుంది!

"ఒకసారి ఫిబ్రవరి సూచీ పెట్టి చూద్దామా?" అన్నాడు బెర్రుత్తి. ఎంత మర్యాదగా అన్నాడో! కోప్పడినా బాగుండేది.

సుద్దముక్క తీసుకుని బోర్డు దగ్గరికి వెళ్ళింది. తన సూత్రాన్ని తనే విప్పడం మొదలుపెట్టింది. మార్చి తీసి ఫిబ్రవరి పెట్టింది. మొదటి వరస బాగానే నడిచింది. రెండో వరసలో ఒక పదం కొట్టుకుపోవలసింది పోలేదు. మూడో వరసలో అది పెద్దదైంది. ఏదో దారి దొరుకుతుందని చెరిపి మళ్ళీ రాసింది. ఆ పదం అక్కడే ఉంది. సున్నా ఎప్పుడూ తన సూత్రం గొప్ప కాదు, రేపటి సమాధానం ముందే చూసి రాసిన జవాబు. అది తీసేస్తే తన సూత్రం అందరి సూత్రాల్లాంటిదే, ఇంకా కొంచెం తీసికట్టు.

ఇతురాల్దే వైపు తిరిగి చూసింది. ఆయన తన బూటు లేసు ముడి వేసుకుంటున్నాడు.

"చాలండీ, కూర్చోండి" అన్నాడు బెర్రుత్తి. "నన్ను క్షమించండి."

అందర్నీ బయటికి పంపి పరీక్షకులు తలుపేసుకున్నారు. వరండాలో ఇతురాల్దే పక్కకొచ్చాడు.

"పోనీలేమ్మా. ముగ్గురిలో ఇద్దరు మనవాళ్ళు."

"మీరు చూశారు కదా సార్, బోర్డు మీద?"

"చూశాను."

"మరి?"

ఆయన "నాకు తట్టలేదు గ్రిసెల్దా. ఒట్టు. నాకూ తట్టలేదు" అన్నాడు. ఆమెకి ఆయన మీద కోపం కూడా రాలేదు. కోపానికి కూడా కొంచెం బలం కావాలి కదా.

అక్కకి చెప్పాలి. ఇంకెవరి నోటో వినే ముందు తనే చెప్పాలి. అదొక్కటే తోచింది. ఫలితం వచ్చేదాకా ఆగు అని ఇతురాల్దే అంటున్నా వినకుండా మెట్లు దిగింది. లిఫ్టు ఎప్పట్లాగే పాడైంది. దిగుతూ మాటలు కూర్చుకుంది. "అక్కా, పోయింది. నీ తప్పేం లేదు. నా తప్పే." ఇలా అనాలి. వెంటనే చెయ్యి పట్టుకోవాలి. పెద్ద తలుపు తోసి వాకిట్లో అడుగుపెట్టింది.

ఈ సంగతి తెలియనివాళ్ళుంటారేమో, చెప్పాలి. అక్కడ చదువు పూర్తయి చివరి పరీక్ష నుంచి బయటికొచ్చినవాళ్ళకి పూలదండలు వెయ్యరు. వాకిట్లో కాపు కాసి కోడిగుడ్లు పగలగొడతారు, పిండి చల్లుతారు, ఆవపిండి ముద్ద, మాతే పిప్పి, చేతికి ఏది దొరికితే అది. డాక్టరైనా, లాయరైనా అంతే. అలా తడిసి ముద్దై వీధుల వెంట నడవడమే పట్టా. గ్రిసెల్దా క్లాసువాళ్ళు అయిదారుగురు అప్పటికే వచ్చి గోడ చాటున సిద్ధంగా ఉన్నారు. రూబెన్ రెండు అట్టలు గుడ్లు పట్టుకుని ముందు వరసలో ఉన్నాడు.

మిర్తా కూడా ఉంది. వాకిలికి ఎదురుగా ఉండాల్సిన మనిషి వాకిట్లోనే ఉంది. చేతిలో పిండి పొట్లం. పరీక్ష నుంచి మనిషి గడప దాటి బయటికొచ్చిందంటే అయిపోయిందన్నట్టే కదా! అయిపోయాక ఇక శని ఏం చేస్తుంది? ఇన్నాళ్ళుగా బిగపట్టుకున్న ఊపిరంతా ఒక్కసారి వదిలి, మిర్తా అందరికన్నా ముందు చల్లింది.

గ్రిసెల్దా "అక్కా" అనడానికి నోరు తెరిచింది. పిండి నోట్లోకి పోయింది. దగ్గు తెరలో ఉండగానే రూబెన్ మొదటి గుడ్డు నడినెత్తిన పగిలింది.

"ఆగండి! ఆగండ్రా!" అని అరిచింది.

ఎవరాగుతారు! ప్రతివాళ్ళూ అలాగే అరుస్తారు. అరిస్తే ఇంకా రెండు ఎక్కువ కొట్టాలని లెక్క. పాట ఎత్తుకున్నారు, చప్పట్లు కొట్టారు, చుట్టూ తిరిగారు. కళ్ళలోకి సొన కారింది. చేతులడ్డం పెట్టుకుంది. ఏడ్చింది. అదీ మామూలే, అందరూ ఏడుస్తారు. పోయే బస్సొకటి హారన్ మోగించి అభినందించింది. మిర్తా ఆ పిండీ సొనా లెక్కచేయకుండా మీద పడి వాటేసుకుంది. "నా బంగారం, నా తల్లి, సాధించావే! సాధించావే!" అని ఆరేళ్ళుగా మింగుకున్న మాటలన్నీ చెవిలో కుమ్మరించింది.

గ్రిసెల్దాకి చెప్పాలని ఉంది. ఒక్క మాట. ఆ పట్టులో ఊపిరి అందడం లేదు.

అప్పుడు తలుపు మళ్ళీ తెరుచుకుంది. ఇతురాల్దే వాకిట్లో నిలబడి అందర్నీ ఒక్కొక్కరిగా చూశాడు. చివరికి "గ్రిసెల్దా, పిలుస్తున్నారు. నిర్ణయం చదువుతారట" అన్నాడు.

పాట ఎక్కడిదక్కడ ఆగిపోయింది. రూబెన్ చేతిలో ఇంకో గుడ్డు ఉంది. దాన్ని ఏం చెయ్యాలో తెలీక జేబులో పెట్టుకున్నాడు. మిర్తా చేతులు జారిపోయాయి.

"ఇంకా అవలేదా?" అంది. మళ్ళీ అదే అడిగింది. "ఇంకా అవలేదా?" ఆ మొహం చూసి గ్రిసెల్దా తల తిప్పుకుంది.

మెట్ల మీద సొన బొట్లు బొట్లుగా పడింది. కాపలావాడు "ఎవరు కడుగుతారమ్మా ఇదంతా?" అని అరిచి, దగ్గరికొచ్చి మనిషిని చూసి ఊరుకున్నాడు. గదిలోకి వెళ్ళేసరికి ముగ్గురూ లేచి నిలబడి ఉన్నారు. నిద్రపోయే ఆయన నిద్ర ఎగిరిపోయింది. జుట్టుకి పెంకులు అంటుకుని, కనుబొమల మీద పిండి గడ్డకట్టి, ఆమె బోర్డు ముందు నిలబడింది. వెనక తన చేతిరాతలోనే ఆ పోని పదం ఇంకా ఉంది.

జానెట్టీ మేడమ్ చేతిలో కాగితం ఉంది. ఆవిడ గ్రిసెల్దాని చూసింది, కాగితాన్ని చూసింది, పక్కకి తిరిగి బెర్రుత్తిని చూసింది. ఆ చూపు గ్రిసెల్దాకి అర్థమైంది. ఇలా ఉన్న పిల్లకి ఇది ఎలా చదవనయ్యా అని అడుగుతోంది ఆవిడ. మార్చెయ్యండి మేడమ్, జాలి పడండి, నాకు జాలైనా చాలు. గ్రిసెల్దా మనసులో ఈ మాట ఎంత గట్టిగా అనుకుందో, అనుకున్నందుకు అంతే సిగ్గుపడింది. సిగ్గుపడుతూనే మళ్ళీ అనుకుంది.

బెర్రుత్తి తల దించుకున్నాడు. ఔననలేదు, కాదనలేదు.

జానెట్టీ మేడమ్ చదివింది. కష్టపడి చేసిన పని అంది, రాత బాగుంది అంది, ప్రధాన ఫలితం నిలబడదు కనుక ఆమోదించలేకపోతున్నాం అంది. గడువు సంగతి కమిటీకి రాస్తాం, కానీ ఆశ పెట్టుకోవద్దు అంది. చదవడం అయ్యాక ఆవిడే ముందు ఏడ్చింది. గ్రిసెల్దా "థాంక్యూ మేడమ్" అంది. అలాంటప్పుడు ఏమనాలో ఎవరికీ నేర్పరు.

కిందికొచ్చేసరికి క్లాసువాళ్ళు లేరు. ఎవరో చెప్పినట్టున్నారు, నెమ్మదిగా జారుకున్నారు. రూబెన్ ఎక్కడో బకెట్టూ చీపురూ సంపాదించి వాకిలి కడుగుతున్నాడు. మరదల్ని చూసి జోకు వెయ్యబోయి, వెయ్యలేక, మళ్ళీ వంగి తోమడం మొదలుపెట్టాడు. మిర్తా మెట్టు మీద కూర్చుని ఉంది. కోటు నిండా పిండి. చెల్లెలి మొహం చూసింది, ఇక అడగక్కర్లేకపోయింది.

"నేనే" అంది. "నా చేతులు పడిపోను. నేనే చేశాను."

"అక్కా, కాదు."

"ముందే చల్లాను. ముందే అన్నాను. ఇన్నేళ్ళు నోరు కట్టుకుని, ఇంకొక్క పావుగంట ఆగలేకపోయానే!"

గ్రిసెల్దా పక్కన కూర్చుంది. అంతా చెప్పింది. సూచీ గురించి, మార్చి గురించి, ఏప్రిల్ గురించి, ఆ ఉరుగ్వే ఆయన గురించి. మిర్తా అన్నిటికీ తలూపింది. ఊపుతూనే కోటు కొసతో చెల్లెలి జుట్టులో పెంకులు ఒక్కొక్కటే ఏరింది.

"నువ్వు అలాగే అంటావులే తల్లీ. నా కోసం అంటావు."

"నీ కోసం కాదక్కా! ఇది లెక్క! నీ పిండికీ దానికీ ఏం సంబంధం?" గొంతు చించుకుంది గ్రిసెల్దా. చీపురు చప్పుడు ఆగింది. గ్రిసెల్దా అక్క రెండు చేతులూ పట్టుకుంది. "ఈ ఒక్కటీ నమ్ము. నువ్వు చల్లేసరికే అయిపోయింది. నేను మెట్లు దిగేటప్పుడే నాకు తెలుసు. బోర్డు మీద నా చేత్తో నేనే రాసుకున్నాను, పోయిందని. నువ్వు చల్లినా అంతే, చల్లకపోయినా అంతే."

ఈసారి మిర్తా నమ్మింది. చూస్తుండగానే మొహంలో బిగువు సడలింది. పెద్ద ఊపిరి తీసుకుంది. అమ్మయ్య, ఇదైనా ఒకటి నిలబెట్టుకున్నాను అనుకుంది గ్రిసెల్దా.

"అప్పటికే తెలుసా?" అంది మిర్తా.

"తెలుసక్కా."

"ముందే తెలిస్తే, మరి కిందికి ఎందుకొచ్చావే? పైనే ఉండిపోవచ్చుగా."

అబద్ధం ఆడొచ్చు. గాలికి వచ్చాననొచ్చు, నీళ్ళకి వచ్చాననొచ్చు. ఒక్కటీ నోటికి రాలేదు.

"నీకు చెబుదామని."

మిర్తా చెయ్యి చెల్లెలి జుట్టులోనే ఆగిపోయింది. వీధిలో బస్సులు పోతున్నాయి.

"నాకు చెబుదామని వచ్చావు" అంది చివరికి. "నోరు తెరిచావు కూడా. నేను చూశాను. నేను నీ నోట్లో పిండి కొట్టాను."

గ్రిసెల్దా కాదనబోయింది. కానీ జరిగింది అదే.